అన్నం గంటలో పుట్టిన నాయకత్వం



పనిచేసే చోట నాయకుడు ఎవరు అని అడిగితే మనలో చాలామంది కుర్చీ వైపు చూపిస్తాం. ఆఫీసులో అయితే సూపరింటెండెంటు, బడిలో అయితే హెడ్మాస్టరు, మిల్లులో అయితే మేనేజరు. కుర్చీకి అధికారం ఉన్నమాట నిజమే. సెలవు చీటీ మీద సంతకం పెట్టేది ఆ కుర్చీయే. కానీ ఏదైనా చిక్కు వచ్చినప్పుడు నలుగురూ ఎవరి ముఖం వైపు చూస్తారో గమనించారా? ఆ మనిషి చాలాసార్లు ఆ కుర్చీలో ఉండడు. పక్క బల్ల దగ్గర ఉంటాడు, లేదా మరమగ్గం ముందు నిలబడి ఉంటాడు. అతనికి ఆ పెద్దరికం ఇచ్చింది ఎవరు? ఎప్పుడు ఇచ్చారు?

ఈ ప్రశ్నకు మన మద్రాసు చరిత్రలోనే ఒక సమాధానం ఉంది. 1918 నాటి మాట. చెప్పుకోవడానికి అది పది నిమిషాల వ్యవహారం.

ఉత్తర మద్రాసులో పెరంబూరు, పట్టాళం, పులియాంతోపు ప్రాంతాలు మీలో కొందరికి తెలిసే ఉంటాయి. ఆ వైపు బకింగ్‌హాం మిల్లు, కర్నాటిక్ మిల్లు అని రెండు పెద్ద బట్టల మిల్లులు ఉండేవి. బిన్నీ కంపెనీ వాళ్ళవి. జనం నోట్లో మాత్రం రెండూ కలిపి బిన్నీ మిల్లే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యానికి కావలసిన ఖాకీ గుడ్డ ఇక్కడ నేసేవారు. వేలమంది పనివాళ్ళు. తమిళులు, తెలుగువాళ్ళు, ముస్లిములు, ఆది ద్రావిడులు, అందరూ ఒకే గేటు లోంచి లోపలికి వెళ్ళేవారు.

అప్పటికి అమల్లో ఉన్నది 1911 నాటి ఫ్యాక్టరీ చట్టం. బట్టల మిల్లుల్లో మగవాళ్ళ చేత రోజుకు పన్నెండు గంటల వరకు పని చేయించుకోవచ్చు. మధ్యలో అరగంట విరామం ఇవ్వాలి. ఆ అరగంటలో మనిషి మగ్గం ఆపి, బయటికి వచ్చి, చేతులకంటిన నూనె కడుక్కుని, ఇంటి నుంచి వచ్చిన అన్నం ఎక్కడుందో వెతుక్కుని, నీడ చూసుకుని కూర్చుని, తిని, మళ్ళీ గేటు దాటి మగ్గం దగ్గర నిలబడాలి. మీరే లెక్క వేసుకోండి. తినడానికి మిగిలేది ఎంత? ఇంట్లో ఆడవాళ్ళు పొద్దున్నే వండి పెట్టిన ముద్ద నమలడానికి కూడా తీరిక లేదు, మింగడమే.

దీని మీద ఫిర్యాదు చేసుకోవాలంటే ఎవరికి చేసుకోవాలి? పైన దొరలు. వాళ్ళ భాష వేరు. మధ్యలో మేస్త్రీ. పనిలో పెట్టేదీ, తీసేయించేదీ, సెలవు ఇప్పించేదీ అతనే. మేస్త్రీ చేతిలో అధికారం ఉంది. కానీ పనివాళ్ళు తమ కడుపులో మాట అతనికి చెప్పుకోలేరు. చెబితే అది తనకే ఎదురు తిరుగుతుందని ప్రతివాడికీ భయం. అంటే వేలమంది ఒక కప్పు కింద పన్నెండు గంటలు పక్కపక్కనే నిలబడి పనిచేస్తున్నారు, అందరి బాధా ఒకటే, కానీ ఆ బాధ ఒకరి నుంచి ఒకరికి గుసగుసగానే వెళుతోంది. పైకి వెళ్ళే దారి లేదు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మిల్లు లోపల కాదు, బయట.

జి. సెల్వపతి చెట్టియార్, జి. రామానుజులు నాయుడు అని ఇద్దరు వ్యాపారులు. రెండో ఆయన పేరు వింటేనే మన చెవికి తెలుగు తగులుతుంది కదా. ఇద్దరూ పెద్ద చదువులు చదివి పదవుల కోసం చూసినవాళ్ళు కారు. మిల్లు పనివాళ్ళతో రోజూ మాట కలిసే స్థానికులు. శ్రీ వేంకటేశ గుణామృత వర్షిణి సభ అని ఒక భక్తి సమాజం నడిపేవారు. అక్కడ ధార్మిక ఉపన్యాసాలు జరిగేవి. మిల్లు విడిచాక పనివాళ్ళు వచ్చి కూర్చునేవారు.

భక్తి సభకి వచ్చినవాడు ఉపన్యాసం విని తిన్నగా ఇంటికి పోడు. నాలుగు మాటలు మాట్లాడుకుంటాడు. మన ఊళ్ళల్లో భజన మందిరం అరుగు మీద ఎన్ని వ్యవహారాలు తేలతాయో మీకు వేరే చెప్పాలా? ఒకరోజు ఒకడు తన కష్టం చెప్పాడు. ఇంకోరోజు ఇంకొకడు. మేస్త్రీ తిట్టిన తిట్లు, చేయి చేసుకోవడం, పొద్దున్నే ఆలస్యమైతే జరిగే నష్టం, అన్నం గంట చాలకపోవడం. చెట్టియారు, నాయుడు విన్నారు. చాలాకాలం వాళ్ళు చేసిన పని అదే, వినడం. ఓపిగ్గా వినే మనిషి ఒకడున్నాడని తెలిస్తే ఆ సంగతి మిల్లంతా పాకుతుంది. మేస్త్రీకి చెప్పలేనిది అక్కడ చెప్పవచ్చు. వాళ్ళ పెద్దరికం ఆ విధంగా పెరిగింది. ఎవరూ ఓటు వేయలేదు, ఎవరూ పూలదండ వేయలేదు.

విన్న తర్వాత వాళ్ళు చేసిన రెండో పని కూడా నాకు గొప్పగానే తోస్తుంది. ఇది మా చేతిలో పని కాదని గ్రహించారు. ఇంగ్లీషులో దొరలతో మాట్లాడగలవాడు, పత్రికలో రాయగలవాడు, చట్టం తెలిసినవాడు కావాలి. అనీబిసెంటు గారి ‘న్యూ ఇండియా’ పత్రిక ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ బి.పి. వాడియా ఉన్నారు. బొంబాయి పార్సీ ఆయన, దివ్యజ్ఞాన సమాజం మనిషి. 1917లో బిసెంటు గారితో పాటు నిర్బంధంలో ఉండి వచ్చినవాడు. పనివాళ్ళ కష్టాలు ఈ ఇద్దరు వ్యాపారుల నోట ఆయన చెవిన పడ్డాయి.

వాడియాకు తమిళం రాదు, తెలుగూ రాదు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే తిరు.వి. కల్యాణసుందర ముదలియారు గారు దాన్ని తమిళంలో పనివాళ్ళకి చెప్పేవారు. భాష రాని నాయకుడు, భాష తెచ్చిచ్చే నాయకుడు, మొదట విన్న నాయకులు, మొదట నోరు విప్పి చెప్పుకున్న పనివాళ్ళు. వీళ్ళలో అసలు నాయకుడు ఎవరు? చరిత్ర పుస్తకాలు వాడియా పేరు పెద్దక్షరాల్లో రాస్తాయి. ఆయనకు ఆ గౌరవం తగినదే. కానీ నా మట్టుకు నాకు మగ్గం దగ్గర నుంచి నడిచి వచ్చి భయపడుతూనే మొదటిమాట చెప్పిన పనివాడే ముందు వరసలో కనిపిస్తాడు. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

1918 ఏప్రిల్‌లో సభలు మొదలయ్యాయి. ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. మన దేశంలో ఒక పద్ధతిగా, సభ్యత్వం రాసుకుని, క్రమం తప్పకుండా నడిచిన తొలి కార్మిక సంఘంగా దీన్ని చెప్పుకుంటారు. వాడియా అధ్యక్షుడు, చెట్టియారు, నాయుడు కార్యదర్శులు. వారం వారం కూడేవారు. ఆ మీటింగుల్లో వాడియా చేసిన ఉపన్యాసాలు తర్వాత 1921లో ‘లేబర్ ఇన్ మద్రాస్’ అనే పుస్తకంగా వచ్చాయి. అందులో పెద్ద పెద్ద సిద్ధాంతాలు వెతికితే నిరాశపడతారు. చాలావరకు రోజువారీ సంగతులే ఉంటాయి. అన్నానికి ఎంత టైము, గేటు ఎప్పుడు మూస్తారు, ఎవరు ఎవరిని కొట్టారు, జీతం ఎలా కోశారు. యుద్ధం నడుస్తున్న కాలం కనుక సమ్మెకు దిగవద్దని వాడియా నచ్చజెప్పారు. ముందు మాట్లాడదాం, అడుగుదాం అన్నారు. సంఘం మొదటి కోరికల్లో ఒకటి అన్నం గంట పెంచమని.

యాజమాన్యం అరగంటను నలభై నిమిషాలు చేసింది.

పది నిమిషాలే. ఇప్పుడు నవ్వు రావచ్చు. మా బడిలో కూడా మధ్యాహ్న భోజనానికి నలభై నిమిషాలే, ఆ గంట మోగినప్పుడల్లా నాకు ఇది గుర్తుకొస్తుంది. పిల్లలకి చెబితే, ఇంతేనా టీచర్ అంటారు. ఇంతే. కానీ అంతవరకు దొర ఇచ్చిందే కాలం, మేస్త్రీ చెప్పిందే మాట. మొదటిసారి పనివాళ్ళు అడిగారు, గడియారం కదిలింది. మరో నాలుగేళ్ళకి, 1922లో, సవరించిన ఫ్యాక్టరీ చట్టం విరామాన్ని గంటకి పెంచింది, పనిని రోజుకు పదకొండు గంటలకు, వారానికి అరవై గంటలకు తగ్గించింది.

ఇంతవరకు వినడానికి బాగుంది. ఇక్కడే ఆపేస్తే నేను మీకు సగం చరిత్రే చెప్పినట్టు. మిగిలిన సగం చేదుగా ఉంటుంది.

1920 చివర్లో గొడవలు ముదిరాయి. లాకౌటు, ఆ తర్వాత డిసెంబరులో పోలీసు కాల్పులు. ఇద్దరు చనిపోయారు. బిన్నీ కంపెనీ వాడియా మీద, సంఘం నాయకుల మీద హైకోర్టుకు వెళ్ళింది. పనివాళ్ళను రెచ్చగొట్టి మాకు నష్టం తెచ్చారని దావా. సంఘం పెట్టుకోవడానికి చట్టంలో రక్షణ అంటూ ఏదీ లేదప్పుడు. చివరికి జరిగిన రాజీలో వాడియా సంఘం నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఈ కేసు దేశమంతటా చర్చకు వచ్చింది. 1921 మార్చిలో ఎన్.ఎం. జోషి గారు కేంద్ర శాసనసభలో కార్మిక సంఘాలకు చట్టరక్షణ కావాలని తీర్మానం తెచ్చారు. అది 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టంగా తేలింది. పెరంబూరు అరుగు మీద మొదలైన మాట ఢిల్లీ దాకా వెళ్ళింది.

కానీ పెరంబూరులో మాత్రం ఆ మాట మధ్యలోనే తెగిపోయింది.

1921లో పెద్ద సమ్మె. జూన్ నుంచి అక్టోబరు దాకా సాగింది. సవర్ణ హిందూ కార్మికులు, ముస్లిం కార్మికులు సమ్మెలో ఉన్నారు. ఆది ద్రావిడుల్లో చాలామంది పనికి వెళ్ళారు. ఎం.సి. రాజా గారు వాళ్ళ నాయకుడు, సమ్మె వద్దని చెప్పారు. పులియాంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. నిన్నటిదాకా ఒకే వరసలో మగ్గాల ముందు నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు కొట్టుకున్నారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సమ్మె ఓడిపోయింది.

దీనికి యాజమాన్యం ఎత్తుగడ అని కొందరు రాశారు, ప్రభుత్వం పక్షపాతం అని కొందరు రాశారు. వాటిలో నిజం ఉండవచ్చు. నాకు తోచేది ఇంకొకటి కూడా ఉంది. పనికి వెళ్ళినవాళ్ళను ద్రోహులనడం సులభం. నెలల తరబడి జీతం లేకుండా ఉండమంటే, నాలుగు గింజలు నిలవున్న ఇల్లు ఎలాగో ఈదుతుంది. ఏ పూటకాపూట వండుకునే ఇల్లు ఏం చేస్తుంది? అప్పు పుట్టే చోటు కూడా వాళ్ళకి తక్కువ. సంఘానికి పెద్దలుగా నిలబడ్డవాళ్ళలో వాళ్ళ పేటల మనుషులు ఎంతమంది? ఒకే గేటు లోంచి లోపలికి వెళ్ళినా ఆ కాలంలో అన్నం తినే చోటు ఒకటి కాదు, నీళ్ళు తాగే చోటు ఒకటి కాదు, సాయంత్రం వెళ్ళే పేట ఒకటి కాదు. సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు భక్తి సభలో కూర్చుని విన్న మాటలు చాలా విలువైనవి. కానీ ఆ అరుగు దాకా రాలేనివాడు, రావడానికి చోటు లేనివాడు ఉన్నాడు. వాడి మాట వినడానికి ఎవరైనా వాడి పేట దాకా నడిచివెళ్ళాలి. అది చాలినంతగా జరగలేదు. పది నిమిషాలు ఎక్కువ వచ్చాయి సరే, ఆ పది నిమిషాల్లోనూ ఎవరి గుంపులో వాళ్ళే కూర్చుని తిన్నారు.

నాయకత్వం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ విషయం కనిపించలేదు. బి.ఇడి. చదివేటప్పుడు మాకు పాఠశాల నిర్వహణ అని ఒక పేపరు ఉండేది. ప్రధానోపాధ్యాయుని లక్షణాలు పన్నెండు అని కంఠస్థం చేశాం. సహోద్యోగులతో కలిసి అన్నం తినడం ఆ పన్నెండులో లేదు. నేను పనిచేసిన ఒక బడిలో డ్రాయింగు మాస్టారు ఒకాయన ఉండేవారు. ఏ పదవీ లేదు. తమిళం టీచర్ల బల్ల ఒకటి, తెలుగు టీచర్ల బల్ల ఒకటి, ఆఫీసు గుమాస్తాలు వేరే, ఆయా, వాచ్‌మన్ మెట్ల మీద. ఆయన డబ్బా పట్టుకుని రోజుకో చోట కూర్చునేవారు. మెట్ల మీద కూడా. ‘ఏమ్మా, ఇవాళ పులుసా, రసమా?’ అని అడిగేవారు, ఎవరి డబ్బాలోది వాళ్ళకు ఇచ్చేవారు, పుచ్చుకునేవారు. ఒకసారి జీతాలు ఆలస్యమై, యాజమాన్యంతో మాట్లాడవలసి వచ్చింది. రెండు బల్లల వాళ్ళూ, మెట్ల మీద వాళ్ళూ కూడా ఎవరూ చెప్పకుండానే మాస్టారి వైపు తిరిగారు. ఆయన కాస్త ఇబ్బందిపడ్డారు, తర్వాత వెళ్ళారు.

సరే, చరిత్రకు వద్దాం. 1921 సమ్మె విరిగిన తర్వాత బిన్నీ మిల్లు యాజమాన్యం కూడా ఒక పాఠం నేర్చుకున్నట్టుంది. 1922లో కార్మికుల ప్రతినిధులు, యాజమాన్యం ప్రతినిధులు కలిసి కూర్చునే కమిటీ ఒకటి పెట్టారు. సంఘాన్ని పక్కకు నెట్టడానికే ఈ కమిటీ అన్నవాళ్ళు ఉన్నారు, ఆ అనుమానం నిరాధారం కాదు. అయినా ఎదురెదురుగా కూర్చుని చిన్న విషయాలు చిన్నగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలన్న ఆలోచన నిలిచింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో వర్క్స్ కమిటీ అనే పేరుతో అది చేరింది. నూరుమంది, అంతకు మించి పనిచేసే చోట రెండు పక్షాలూ సమానంగా ఉండే కమిటీ పెట్టమని ప్రభుత్వం ఆదేశించవచ్చునన్నారు.

ఈ ఆలోచనను జీవితమంతా మోసిన మనవాడు ఒకాయన ఉన్నాడు. బరంపురంలో ఉన్న శ్రోతలు ఇప్పటికే ఊహించి ఉంటారు. వరాహగిరి వెంకటగిరి గారు. 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగింట పుట్టారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, 1916లో తిరిగివచ్చి, సొంత ఊళ్ళో ప్లీడరుగా ఉన్నారు. కోర్టులో పేరు తెచ్చుకుని హాయిగా ఉండవలసిన మనిషి రైల్వే పనివాళ్ళలో పడ్డారు. బెంగాల్ నాగపూర్ రైల్వే బరంపురం మీదుగా సాగిన పెద్ద లైను. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకి శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి వలస వెళ్ళిన మనవాళ్ళు ఎంతమందో! ఖరగ్‌పూర్ వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుందంటే ఆ రైలే కారణం. 1927, 28లలో ఉద్యోగాల కోత వచ్చినప్పుడు గిరి గారు ఆ కార్మికుల పక్షాన నిలబడ్డారు. ఆ ఉద్యమం శాంతియుతంగా నడిచింది.

1937లో రాజాజీ మంత్రివర్గంలో మద్రాసు కార్మికశాఖ ఆయనకే వచ్చింది. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. అప్పుడు ఆయన పట్టుబట్టిన పద్ధతికి ‘గిరి అప్రోచ్’ అని పేరే పడింది. చాలా మామూలు మాట అది. తగాదా రాగానే ట్రిబ్యునలుకు పంపించకండి, పై నుంచి తీర్పు దించకండి, ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోనివ్వండి అన్నారు. కోర్టుకు వెళ్ళి గెలిచినవాడూ ఓడినవాడూ మర్నాడు అదే మిల్లులో ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి కదా. ప్లీడరు వృత్తి తెలిసిన మనిషి కనుక కోర్టు గుమ్మం ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు.

ప్రభుత్వంలో అందరూ దీనికి ఒప్పుకోలేదు. బలహీనమైన సంఘం బలమైన యజమాని ఎదుట కూర్చుంటే ఏమి వస్తుందని కార్మిక నాయకుల్లోనే కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గిరి గారి పద్ధతి పూర్తిగా అమలు కాలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా అప్పిలేట్ ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. తీర్పుల మీద పెద్ద నమ్మకం లేని మనిషి, ఒక తీర్పును మార్చినందుకు పదవి వదిలేశాడు. వింతగా కనిపించవచ్చు. ఉద్యోగులకు చెప్పిన మాట మాటగా ఉండాలన్నదే ఆయన పట్టుదల అని నేను అర్థం చేసుకుంటాను. రోజూ కూర్చుని మాట్లాడుకుందాం రమ్మని పిలిచినవాడు ఆ మాటకు విలువ లేనప్పుడు కుర్చీలో ఎలా ఉంటాడు? తర్వాత ఆయన 1969లో రాష్ట్రపతి అయిన సంగతి అందరికీ తెలుసు. రాజీనామా సంగతి తక్కువమందికి తెలుసు.

బిన్నీ మిల్లు మద్రాసులో 1996లో మూతపడింది. అక్కడ పనిచేసిన చివరి తరం వాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. ఉత్తర చెన్నై టీకొట్ల దగ్గర కనిపిస్తారు. సోలాపూర్ మగ్గాల షెడ్లలో పనిచేసిన మన పద్మశాలీ తాతలు, బీడీలు చుట్టిన అమ్మమ్మలు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు నుంచి రిటైరైన పెదనాన్నలు కూడా మీ చుట్టుపక్కల ఉండే ఉంటారు. వాళ్ళను సమ్మెల గురించి అడిగితే తారీఖులు గుర్తుండవు. మధ్యాహ్నం అన్నం ఎక్కడ కూర్చుని తినేవారు, పక్కన ఎవరు కూర్చునేవారు, ఎవరు కూర్చునేవారు కాదు అని అడగండి. అది బాగా గుర్తుంటుంది. ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి, చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాసుకోండి.